తుంపర చూసిన ఎండ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో తుంపర అనే కప్ప ఉండేది. పాపం, దానికి ఎండాకాలం అంటే ఏమిటో తెలియదు. నిజమర్రా! వాగు ఎండడం మొదలుపెట్టగానే అది బురదలోకి దూరి ముసుగుతన్ని పడుకునేది. మళ్లీ తొలకరి చినుకు వీపు మీద పడితేనే లేచేది. మధ్యలో లోకం తలకిందులైనా దానికి పట్టదు.

వాగు ఒడ్డున ఒక మామిడిచెట్టు ఉంది. ఆ చెట్టు తొర్రలో చారమ్మ అనే ఉడుత తన ముగ్గురు పిల్లలతో కాపురం ఉండేది. అందరిలోకీ చిన్నవాడు జీడిగాడు. వాడికి ఏటా ముసురు పట్టగానే జ్వరం వచ్చేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం తుంపర చెట్టు కింద కూర్చుని వాన చూస్తోంది. అంతలో ఎక్కడినుంచో ఘుమఘుమలాడుతూ వాసన వచ్చింది. పుల్లగా, కారంగా, వెచ్చగా ఉంది ఆ వాసన. చూస్తే, చెట్టు వేళ్ల మధ్య పొడిగా ఉన్న గూట్లో చారమ్మ ఒక జాడీ తెరిచి కూర్చుంది.

"అదేమిటి అక్కా?" అని అడిగింది తుంపర.

"మాగాయ. మామిడిముక్కల్ని ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి, కారం, మెంతిపిండి, నూనె కలిపి పెట్టాను. నువ్వు ఎండాకాలమంతా గుర్రుపెట్టి నిద్రపోయావు కదా! ఆ ఎండంతా ఇందులోనే ఉంది. ఏదీ, నోరు తెరు," అంది చారమ్మ.

ముక్క నాలిక మీద పడగానే తుంపర కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. ముసురు మాయమైంది. లోకమంతా పసుపురంగైపోయింది. నేల వెచ్చగా ఉంది. ఎక్కడో ఒక కాయ దబ్బున రాలింది. ఆకాశంలో మబ్బన్నదే లేదు. ఆ వెలుగులో తుంపర మెల్లగా తేలుతూ, తేలుతూ వెళ్లిపోయింది. ముక్క అయిపోగానే మళ్లీ వాన చప్పుడు వినిపించింది.

"అమ్మయ్యో! ఇంత అందమైనది పెట్టుకుని నేనెలా నిద్రపోయానక్కా?" అంది తుంపర. దానికి నిజంగా ఏడుపొచ్చింది.

చారమ్మ నవ్వింది. "ఎప్పుడు తినాలనిపించినా నన్నడుగు, పెడతాను. జాడీలో మాత్రం చెయ్యి పెట్టకు. నీ ఒళ్లు ఎప్పుడూ తడే. ఒక్క తడిచుక్క పడిందంటే జాడీ అంతా బూజు పడుతుంది. జ్వరమొస్తే మా జీడిగాడికి నోరు చేదు. ఈ ముక్క నాలిక మీద పెడితేనే వాడు నాలుగు గుటకలు గంజి తాగుతాడు," అంది.

"ఛఛ, నేనెందుకు పెడతానక్కా!" అంది తుంపర.

అలా అంది కానీ, ఆ పసుపు లోకం దాన్ని వదిలితేనా! పొద్దస్తమానం అదే ధ్యాస. మర్నాడు చారమ్మ వెదురుబియ్యం ఏరుకోవడానికి వెళ్లింది. తుంపర జాడీ దగ్గరికి చేరింది. మూతికి కట్టిన గుడ్డ విప్పింది. చెయ్యిని ఒక ఆకుకి తుడుచుకుంది. ఆ ఆకూ వానలో తడిసిందే! ఏం తుడిచినట్టు, నా మొహం! ఒక ముక్క తీసుకుని తినేసింది. ఏమీ కాలేదు.

"చూశావా, ఏమీ కాలేదు. అక్కకి చాదస్తం," అనుకుంది.

మరోసారి ఇంకో ముక్క తీసింది. అప్పుడూ ఏమీ కాలేదు.

మూడోసారి జాడీలో చెయ్యి పెట్టి, ఆ వాసనకి అలాగే కళ్లు మూసుకుంది. పసుపు వెలుగులో తేలిపోతూ, చెయ్యి జాడీలోనే ఉంచి కునుకు తీసింది. దాని చేతినుంచి చెమ్మ ఒక్కో బొట్టుగా ముక్కల మీదికి జారింది. మెలకువ రాగానే ఎప్పటిలా గుడ్డ కట్టేసి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి ముసురు గట్టిగా పట్టింది. అనుకున్నట్టే జీడిగాడికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాడు గంజి ముట్టుకోడు. "చేదమ్మా," అని మొహం తిప్పేసుకుంటాడు.

"ఉండు నాన్నా, మాగాయ పెడతాను," అని చారమ్మ గబగబా దిగి జాడీ గుడ్డ విప్పింది. లోపల ముక్క కనబడలేదు. పైనంతా తెల్లగా బూజు. కింది ముక్కలు మెత్తబడి కుళ్లు వాసన కొడుతున్నాయి.

చారమ్మ అక్కడే కూలబడింది. "నాదే తప్పు. ముక్కలు సరిగ్గా ఎండబెట్టలేదు కాబోలు. నా చేతులు విరిగిపోను! నా బిడ్డ నోరు నేనే కొట్టాను," అని ఏడ్చింది.

వేళ్ల వెనక నక్కిన తుంపర ఆ మాట విన్నది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. గంతు వేస్తే వాగు, వాగులో పడితే ఇక ఎవరికీ చిక్కదు. కానీ చారమ్మ తన చేతుల్ని తానే తిట్టుకుంటుంటే దానికి కాళ్లాడలేదు.

"నీ తప్పు కాదక్కా. నేనే చెయ్యి పెట్టాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు," అంది ముందుకు వచ్చి.

చారమ్మ తిట్టలేదు. "చెప్పావు, మంచిదే. కానీ ఇప్పుడు వాడికేం పెట్టను, చెప్పు?" అంది.

ఆ వానాకాలమంతా జీడిగాడు గంజి రెండు చుక్కలు మింగడం, మొహం తిప్పుకోవడం. బతికి బయటపడ్డాడు కానీ తోక పురికొసలా అయిపోయింది. అన్నలు కొమ్మల మీద ఉరుకుతుంటే వాడు తొర్రలోనే కూర్చునేవాడు. కిందనుంచి చూసే తుంపరకి ఆ ఏడాది వానపాట పాడబుద్ధి కాలేదు.

చలి పోయింది. వాగు ఎండడం మొదలైంది. కప్పలన్నీ బురదలోకి దూరుతున్నాయి.

"రావే తుంపరా, నిద్రవేళైంది!" అని పిలిచాయి.

"నేను రాను. ఈ ఏడు మాగాయ పెట్టేదాకా పడుకోను," అంది తుంపర.

"ఎండలో కప్పా? వడియంలా ఎండిపోతావే పిచ్చిదానా!" అని అన్నీ నవ్వి బురదలోకి వెళ్లిపోయాయి.

చారమ్మా వద్దనే చెప్పింది. తుంపర వింటేగా! చివరికి చారమ్మ చెట్టు నీడలో నీళ్లకుండ పెట్టి, దాని కింద చెమ్మలో తుంపరకి చోటు చేసింది.

"నీ తడిచేతులకి తగిన పని ఇదీ," అని కాయలన్నీ ముందు పోసింది. తుంపర ఒక్కో కాయా జిడ్డూ జీడీ లేకుండా కడిగింది. చారమ్మ పొడిగుడ్డతో తుడిచి, చెక్కు తీసి, ముక్కలు తరిగింది. ఉప్పులో ఊరిన ముక్కల్ని గట్టిగా పిండి, చాప మీద ఎండబెట్టింది. అక్కడినుంచి తుంపరది కాపలా.

కాకులు రానే వచ్చాయి. తుంపర కుండ చాటునుంచి "బెకబెకబెక!" అని గొంతు చించుకుంది. కాకులు ఉలిక్కిపడ్డాయి. "ఓలమ్మో, కప్ప అరిచింది! వానొచ్చేస్తోంది, గూళ్లు చూసుకోండి!" అని రెక్కలు కొట్టుకుంటూ పారిపోయాయి. నవ్వొస్తోంది కదూ? చారమ్మకీ చాన్నాళ్లకి నవ్వొచ్చింది.

కానీ ఎండ నవ్వులాట కాదు. కలలో చూసిన ఎండ వేరు, ఇది వేరు. గాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంది. ఒకరోజు కుండ అడుగంటింది. చారమ్మ నీళ్లకి వెళ్లి ఎంతకీ రాలేదు. తుంపర చర్మం బిగుసుకుపోయింది. బురద పది గంతుల దూరంలో ఉంది. ముక్కల మీద కాకి నీడ తిరుగుతోంది. తుంపర బురదవైపు చూసింది. పైన తొర్రలోంచి తొంగిచూస్తున్న జీడిగాడి సన్నటి తోక కనబడింది. తుంపర కదల్లేదు. ఎండిన గొంతుతోనే "బెక" అంది. చారమ్మ వచ్చి నీళ్లు పోసేసరికి దానికి సొమ్మసిల్లినంత పనైంది. ముక్కలు మాత్రం ఒక్కటీ పోలేదు.

మళ్లీ వానలొచ్చాయి. మళ్లీ జీడిగాడికి జ్వరమొచ్చింది. చారమ్మ గుడ్డ విప్పింది. ఎర్రగా, నూనె తేలుతూ జాడీ నిండా మాగాయ! జీడిగాడు ముక్క నాకాడు, గంజి తాగాడు. మళ్లీ నాకాడు, మళ్లీ తాగాడు.

"పిన్నీ, ఇంకో ముక్క!" అని కిందికి కేకేశాడు.

"మీ అమ్మనడగరా! నేను జాడీ ముట్టుకోను," అంది తుంపర, చేతులు వెనక్కి కట్టుకుని.

చారమ్మ దిగివచ్చి ఒక ముక్క దాని నోట్లో పెట్టింది. తుంపర కళ్లు మూసుకుంది. పసుపు లోకం మళ్లీ వచ్చింది. ఈసారి అందులో నీళ్లకుండ ఉంది, కాకి నీడ ఉంది, చాప మీద ముక్కలున్నాయి. అది తేలిపోలేదు. తనకి తెలిసిన చోట కూర్చున్నట్టు కూర్చుంది.

"వచ్చే ఎండాకాలం హాయిగా పడుకోవే," అంది చారమ్మ, దాని వీపు నిమురుతూ.

"పడుకుంటే కాయలెవరు కడుగుతారక్కా?" అంది తుంపర.

ఆ సాయంత్రం వానలో దాని పాట అడవంతా వినిపించింది.

నీతి: తప్పు ఒప్పుకుంటే మన మనసు తేలికపడుతుంది, ఆ తప్పుని మన చేతులతో దిద్దినప్పుడే ఎదుటివారి నష్టం తీరుతుంది.