కసిమి కుండ

నాగభూషణం అయ్యవారిని ఏదైనా ప్రశ్న అడగాలంటే శిష్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. ఆయన కోప్పడతారని కాదు, అడిగినవాడి నెత్తిన ఏదో ఒక పని పడుతుందని. ప్రశ్న పూర్తిగా విని, వెదురు కలాన్ని నీళ్ళలో జాడించి, చెవి మీద పెట్టుకుని, "పద, పొయ్యొద్దాం" అన్నారంటే ఇక ఆ పూట గడిచినట్టే. రంగులు ఎందుకు వెలిసిపోతాయని అడిగిన పాపానికి ఒకణ్ణి మిట్టమధ్యాహ్నం దాకా ఏటి ఇసుకలో కూర్చోబెట్టారు. జవాబు మాత్రం నోటితో చెప్పేవారు కారు.

ఇదంతా తెలిసి కూడా చెంగల్రాయుడు ఆ రోజు అడిగాడు. ఒళ్ళు మండిపోతూ ఉండబట్టి అడిగాడు.

చెంగల్రాయుడికి ముప్పై రెండేళ్ళు. అయ్యవారి దగ్గర కలంకారీ పనిలో చేరి పదేళ్ళయింది. అక్కడ వేసిన బొమ్మల తెరలను ఆన్‌లైన్‌లో విదేశాలవాళ్ళకి అమ్మే బాధ్యత కూడా రెండేళ్ళుగా అతనిదే. ఆ పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. ప్రతి తెరకూ పెట్టెలో పెట్టే ముందు రెండువైపులా ఫోటోలు తీసి దాచేవాడు. కెనడాలో ఒకాయన పార్సిల్ అందలేదని రాస్తే, అందుకున్నట్టు ఆయన చేసిన సంతకం వెతికి పట్టుకుని, ఆయన వ్యాఖ్య కిందనే అందరికీ కనపడేలా పెట్టాడు. ఆ పెద్దమనిషి మళ్ళీ నోరెత్తలేదు. ఆ ముచ్చట చెంగల్రాయుడు టీ అంగడి దగ్గర ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు. వద్దన్నా ఫోను తీసి చూపించేవాడు.

ఇప్పుడు నార్వే నుంచి ఇంగ్రిద్ అనే ఆవిడ రాసింది. నెమళ్ళ తెర అందిందట, మూల మీద గోధుమరంగు మచ్చ ఉందట, తెర అలాగే వచ్చిందట, ఇంకొకటి పంపమంటోంది. చెంగల్రాయుడు ఆవిడ పంపిన ఫోటోని పెద్దది చేసి చూశాడు. మచ్చకి ఒకవైపు కోసుగా మొన ఉంది. ఇస్త్రీ పెట్టె మొన. తను తీసి దాచిన ఫోటోలో ఆ మూల కడిగిన ముత్యంలా ఉంది. ఇంకేం కావాలి? రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, కింద నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. అవి చదివితే ఆవిడ ఊళ్ళో తలెత్తుకుని తిరగకూడదని అతని ఉద్దేశం. పంపే ముందు అయ్యవారికి చదివి వినిపించాడు.

"చూసినారా అయ్యా? తన చేత్తో కాల్చుకుని మన మీద తోస్తా ఉంది. ఇట్లా అబద్ధాలాడే వాళ్ళని ఏం చెయ్యాల?"

అయ్యవారు పూర్తిగా విన్నారు. కలం జాడించారు. చెవి మీద పెట్టుకున్నారు.

"పద, పొయ్యొద్దాం. మొన్న పగిలిన కసిమి కుండ ముక్కలుండాయి గదా, మెడ ముక్క తీసుకో. కుమ్మరి ఈరమ్మ దగ్గిరికి పోదాం."

చెంగల్రాయుడి గుండెలో రాయి పడింది.

పాత ఇనుప ముక్కలూ తాటిబెల్లమూ నీళ్ళలో వేసి ఇరవై రోజులు ఊరబెడితే దిగే నల్లరంగుని కసిమి అంటారు. బొమ్మకి మొదటి గీత దానితోనే గీస్తారు. అది లేకపోతే ఇంట్లో ఒక్క బొమ్మా మొదలు కాదు. సరిగ్గా ఇరవయ్యో రోజున, ఎప్పుడూ ఇద్దరు కలిసి దించే ఆ నిండు కుండని, ఫోన్ మోగుతోందని తొందరపడి చెంగల్రాయుడు ఒక్కడే మెడ పట్టుకుని ఎత్తాడు. మెడ చేతిలో మిగిలింది. కుండ కాలి మీద పడి పగిలింది. రంగంతా గచ్చు పాలైంది. అయ్యవారు వచ్చి చూసినప్పుడు, "కుండలోనే నెర్రె ఉండిందయ్యా, ఊరి ఊరి విచ్చుకునింది" అని చెప్పాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు. నోటికి అదే వచ్చింది. ఆయన గుడ్డ తెచ్చి గచ్చు తుడిచారు. అప్పటినుంచి చెంగల్రాయుడు పంచె కాస్త కిందికి కట్టుకుని, తెగిన పాదం కనపడకుండా తిరుగుతున్నాడు.

ఈరమ్మ ఇంటి ముందు పందిట్లో కుండలు వరసగా బోర్లించి ఉన్నాయి. పొరుగూరి ఆడవాళ్ళు ఇద్దరు పెళ్ళికి కుండలు బేరమాడుతున్నారు. అయ్యవారిని చూసి ఈరమ్మ మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంటూ లేచింది.

"రాండి సామీ. ఏందిట్లా వచ్చినారు?"

"మావాడు నీ కుండలో నెర్రె ఉండిందంటా ఉండాడు ఈరమ్మా," అన్నారు అయ్యవారు.

పెళ్ళి కుండల ఆడవాళ్ళు బేరం ఆపేసి ఇటు తిరిగారు. ఈరమ్మ ముఖంలో రంగు మారింది. ఆ చేతి కుండ మీద ఇన్నేళ్ళలో ఒక్క మాట వచ్చింది లేదు. చెంగల్రాయుడి చేతిలోంచి మెడ ముక్క తీసుకుని, పగిలిన అంచు వెంట బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. ఒకచోట వేలు ఆగింది.

చెంగల్రాయుడు కూడా అక్కడే చూశాడు. అంచు ఎర్రగా, శుభ్రంగా ఉంది. నెర్రె ముందే ఉండి ఉంటే ఇరవై రోజుల కసిమి అందులోకి ఇంకి ఆ అంచు నల్లగా ఉండాలి. ఇస్త్రీ మొనని పట్టుకున్న కళ్ళు తనవి. ఈ ముక్కని మూడు రోజులుగా పెరట్లో పెట్టుకుని కూడా ఈ సంగతి తట్టలేదు. ఇప్పుడు ఆవిడ ఆ అంచుని పైకెత్తి ఆ ఇద్దరు ఆడవాళ్ళకి చూపిస్తే చాలు. చూపించాలి కూడా. ఆవిడ పేరు పోతోంది. భూమి నోరు తెరిస్తే బాగుండునని అతనికి అనిపించింది.

ఈరమ్మ ముక్కని బోర్లించి తన వెనక పెట్టుకుంది.

"కాలేమన్నా తెగిందా నాయనా?" అంది.

అతను పంచె అంచు కిందికి లాక్కున్నాడు.

"నిండు కుండ బరువు ఊరికే పోదు. పసుపు పెట్టినావా? చీము పడితే చానా కష్టం." అంటూ లోపలికి పోయి కొత్త కుండ తెచ్చింది. వేలి కణుపుతో తట్టి, ఆ మోత అతనికి వినిపించి, గడ్డి చుట్టి చేతిలో పెట్టింది. పెడుతూ, పక్కవాళ్ళకి వినపడనంత చిన్నగా చెప్పింది: "ఈసారి మెడ పట్టుకోవద్దు నాయనా. కడుపు కింద చెయ్యి పెట్టి ఎత్తు."

ఆ మాటతో చెంగల్రాయుడు చచ్చి సగమయ్యాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. అందరిలో నిలదీసి ఉంటే ఎదురు వాదించేవాడు, వాదించడం అతనికి బాగా వచ్చు. దీనికి మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు. కుండని కడుపు కింద చెయ్యి పెట్టి పట్టుకుని అయ్యవారి వెనక వీధి మలుపు దాకా నడిచాడు. మలుపులో ఆగిపోయాడు.

"అయ్యా, మీరు కొంచేపు ఈడ కూర్చోండి."

అయ్యవారు పక్కనున్న అరుగు మీద కూర్చున్నారు. కుండ ఆయన పక్కన పెట్టి చెంగల్రాయుడు వెనక్కి వెళ్ళాడు. కుంటుతూనే వెళ్ళాడు, ఇక దాచలేదు. పెళ్ళి కుండల ఆడవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామనుకున్నాడు గానీ, వాళ్ళ ముందే కదా ఆవిడ మీద మచ్చ పడింది. పందిట్లోకి పోయి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నెర్రె లేదు. నేనే ఒక్కణ్ణే మెడ పట్టి ఎత్తి పగలగొట్టినాను. అయ్యవారికి కూడా అబద్ధం చెప్పినాను. నీ కుండలో తప్పు లేదు."

కొత్త కుండ ధర గట్టు మీద పెట్టాడు. ఈరమ్మ అతన్ని కూర్చోబెట్టి, ఇంట్లోంచి పసుపూ నూనె చుక్కా తెచ్చి ఇచ్చింది.

"తెలుసులే నాయనా. కుండే చెప్పింది," అంది. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, "మీకు పెద్దవి ఎన్ని కావాలంటిరి?" అని బేరంలో పడింది.

చెంగల్రాయుడు మలుపు దగ్గరికి తిరిగొచ్చేసరికి అయ్యవారు అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నారు. అతను ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడి అంతా చెప్పాడు. చెబుతూ ఉండగా కళ్ళనీళ్ళు ఆగలేదు. ముప్పై రెండేళ్ళవాడు నడివీధిలో ముక్కు చీదుకుంటుంటే దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాడు. మూడు రోజుల క్రితమే అయ్యవారికి తెలుసో, ఇప్పుడే తెలిసిందో, చెంగల్రాయుడికి ఈనాటికీ తెలియదు.

చివరికి అతను జేబులోంచి ఫోను తీశాడు. పక్కపక్కన పెట్టిన ఫోటోలనూ, కింద రాసుకున్న నాలుగు వాక్యాలనూ తుడిచేశాడు.

"ఆ నార్వే ఆవిడకి ఇప్పుడేం రాయమంటారయ్యా?"

అయ్యవారు అరుగు దిగి, కుండ కడుపు కింద చెయ్యి పెట్టి లేవనెత్తారు.

"ఈరమ్మ నిన్ను మొదట ఏం అడిగింది?"

"కాలేమన్నా తెగిందా అని."

"ఇస్త్రీ పెట్టె చానా వేడిగా ఉంటాది రా," అన్నారు ఆయన. "ముందు అది అడుగు."