నలభై మార్కుల తపాలా బిళ్ళ

మూడు రోజులుగా ఓబులేసుకు అన్నం సహించడం లేదు. కారణం చెబితే నలుగురూ నవ్వుతారు. రెండు పాత తపాలా బిళ్ళలు అతని నిద్ర చెడగొట్టాయి.

రెండూ ఒకే ఏడు అచ్చయినవి. ఒకే రంగు, ఒకే బొమ్మ. పాత కాగితాల అంగట్లో తూకానికి కొన్న ఉత్తరాల కట్టలో దొరికాయి. కవర్లను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, అంచున ఒక్క పన్ను తెగకుండా ఊడదీసి, రెండింటినీ తనే ఆరబెట్టాడు. పాత బిళ్ళలకు మార్కులు వేసే కంపెనీ ఒకటుందని ఎవరో చెబితే, రుసుము కట్టి పంపించాడు. ఇప్పుడు వ్యాపారమంతా ఆ మార్కుల మీదే నడుస్తోంది. నూటికి ఎన్నొస్తే దాన్నిబట్టి ధర.

రెండూ ప్లాస్టిక్కు డబ్బీల్లో పెళ్ళికొడుకుల్లా తిరిగొచ్చాయి. ఒకదానికి తొంభై అయిదు. రెండోదానికి నలభై.

వాడిన బిళ్ళ మీద పోస్టు ముద్ర ఎంత తక్కువగా పడితే అంత గొప్ప. తొంభై అయిదు తెచ్చుకున్నదాని మీద ముద్ర ఒక మూల సన్నటి వంపుగా తగిలీ తగలనట్టు ఉంది. నలభైదాని మీద మాత్రం సరిగ్గా నడిమధ్యన, నల్లగా, గుండ్రంగా దిగింది. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటే ఇదే. మొదటిదానికి బొంబాయి వ్యాపారి ఇస్తానన్న డబ్బుతో స్టేషను రోడ్డులో తను బిళ్ళలు అమ్ముకునే, ఎండకు మాడే బల్ల ఎత్తేసి, సొంతంగా ఒక గది అద్దెకు తీసుకోవచ్చు. రెండోది కూడా అలాంటిదే అయితే ఆ గది నిండా సరుకు పెట్టొచ్చు. ఇప్పుడైతే అది పంపిన ఖర్చుకు కూడా చాలదు.

ఆ నల్లటి సిరా పోతే బాగుండునన్న ఆలోచన మొదటి రోజు ఊరికే వచ్చింది. మూడో రోజుకు అది మనసులో తిష్ఠ వేసుక్కూర్చుంది. ఆ సిరా గుట్టు తెలిసిన మనిషి గుంతకల్లులో ఒక్కరే ఉన్నారు. ఆయన తన ఉస్తాదే.

హుసేన్‌పీరా సాహెబు ముప్పై ఒక్క ఏళ్ళు మెయిలు బండిలో, ఉత్తరాలు వేరు చేసే పెట్టెలో పనిచేసి దిగిన మనిషి. పదకొండేళ్ళ క్రితం ఓబులేసు ఒక నోటుపుస్తకం చంకన పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. అందులో బిళ్ళలన్నీ అన్నం మెతుకులతో అతికించి ఉన్నాయి. ఆయన తిట్టలేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి, పొద్దుగుంకేదాకా కూర్చుని ఒక్కొక్కటే ఊడదీసి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన గురువు, ఇతను శిష్యుడు. ఆ నీళ్ళ వాసన ఇప్పటికీ ఓబులేసు ముక్కుకు తెలుసు.

శుక్రవారం నమాజు అయిపోయాక వెళ్ళాడు. ఉస్తాద్ వసారాలో మంచం మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నారు.

"రాప్పా ఓబులేసూ. మొగమేమి అట్లా వాడిపోయింది?"

ఓబులేసు డబ్బీలు రెండూ మంచం మీద పెట్టాడు. మార్కుల సంగతి, బొంబాయి వ్యాపారి సంగతి, గది సంగతి గడగడా చెప్పేశాడు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

"ఉస్తాద్, ఆ సిరా సంగతి మీకు తెలిసినట్ల ఇంకెవురికీ తెలీదు. ఏ మందు పెడితే పోతాదో చెప్పండి. ఎవురికీ తెలీకుండా నేను చూసుకుంటా."

మోసం అనే మాట అతను వాడలేదు. వాడకపోయినా అది వసారాలో ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది. ఈ గడప మళ్ళీ తొక్కనిస్తారో లేదోనని అతనికి భయం పట్టుకుంది.

ఉస్తాద్ చేతులు దులుపుకుని భూతద్దం తీసుకున్నారు. ఒక బిళ్ళ చూశారు. రెండోది చూశారు. మళ్ళీ మొదటిది చూశారు.

"ఈ ముద్ర అంచు ఒకచోట విరిగుండాది, చూసినావా? రెండిట్లోనూ ఆ విరుపు ఉండాది. ఒకసారి ముద్ర కొట్టే పిడి నా చేతిలోంచి జారి పట్టాల మీద పడింది. ఇవి రెండూ నేను కొట్టినవేనప్పా."

ఉస్తాద్ భూతద్దం పక్కన పెట్టి ఎటో చూస్తూ మాట్లాడారు.

"బండి కదిలే ముందర జనాలు పరిగెత్తుకుంటా వచ్చేవాళ్ళు. ఉత్తరం చేతికిచ్చి, 'సాబూ, ఈ పొద్దే పోతాదా?' అని అడిగేవాళ్ళు. చంకలో బిడ్డనెత్తుకోని ఒకామె వారం వారం వస్తాండె. ముద్ర కొట్టిన సప్పుడు ఇనేదాకా కిటికీ కాడ్నుంచి కదిలేది కాదు. ఆ సప్పుడు ఇంటేనే ఆమెకు నమ్మకం. పట్టాల మీద పెట్టె ఊగుతాంటే కూడా, ఆమె జాబు మీద ముద్ర వంకర పోనిచ్చేవాణ్ణి కాదు."

ఇప్పుడెవరూ అలా పరిగెత్తుకుంటూ రావడం లేదన్న దిగులు ఆయన గొంతులో ఉంది. ఓబులేసుకు కూడా ఎందుకో బాధేసింది.

ఉస్తాద్, మూలన ముద్ర పడిన బిళ్ళ ఉన్న డబ్బీ ఎత్తి చూపించారు.

"ఇది నిద్రమత్తులో కొట్టింది. చెయ్యి తేలిపోయింది. దీనికెన్ని మార్కులన్నావు?"

"తొంభై అయిదు, ఉస్తాద్."

"ఇది మెలకువగా ఉండి కొట్టింది. దీనికి?"

"నలభై," అన్నాడు ఓబులేసు. ఆ మాట అతనికే సరిగ్గా వినపడలేదు.

ఉస్తాద్ పకపకా నవ్వారు. నవ్వుతూనే లేచి లోపలికి వెళ్ళి, చిన్న సీసా, ఇంత దూది తెచ్చారు. సీసా మూత తీయగానే ఘాటు గుప్పున కొట్టింది. దూది తడిపి ఓబులేసు చేతిలో పెట్టారు.

"ఇదే మందు. బాగా పోతాది."

ఓబులేసు నమ్మలేకపోయాడు. ఉస్తాద్ ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని అతను కలలో కూడా అనుకోలేదు. నలభై మార్కుల డబ్బీ వైపు చెయ్యి చాపాడు.

దానికి అడ్డంగా ఉస్తాద్ తన కుడి చెయ్యి తెచ్చి, అరచెయ్యి తెరిచి పెట్టారు.

అరచేతి మొదట్లో రూపాయి బిళ్ళంత కాయ కాసి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు కొయ్య పిడి ఒరుసుకుని, సిరా లోపలికి ఇంకి, నల్లగా బిరుసెక్కిన కాయ. పదకొండు రంజాన్లు ఆ చేత్తోనే సేమియా పాయసం అందుకుని తాగాడు ఓబులేసు. ఒక్కనాడూ చూడలేదు.

"బిళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది తుడువు నాయనా."

ఓబులేసు కళ్ళు మసకబారాయి. దూది కింద పెట్టేసి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"సీసాకు మూత పెట్టప్పా," అన్నారు ఉస్తాద్. "మందు ఎగిరిపోతాది."

ఓబులేసు మూత పెట్టాడు.