గాలమ్మ బట్ట చిరిగిన మలుపు

పిల్లలూ, ఒక మాట అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పండి. పోటీలో ముందున్నవాళ్లను దాటడం మీకు ఎక్కువ ఇష్టమా, వెనకున్నవాళ్లు మిమ్మల్ని దాటకుండా చూసుకోవడం ఎక్కువ ఇష్టమా? తొందరపడకండి. అలివేలు తొందరపడే చెప్పింది. ఈ కథంతా అక్కడే మొదలైంది.

ఒకప్పుడు గాలి ఇప్పటిలా ముక్కలుముక్కలుగా ఉండేది కాదు. గాలమ్మ గాలిని బట్టలా నేసేది. సముద్రం మీద కూర్చుని, అలల నురగలోంచి నూలు తీసి, పొద్దు పొడిచేలోగా ఒకే ఒక్క బట్ట నేసి, ఉప్పుమళ్ల మీద పరిచేది. అంత పల్చటి బట్ట మీరు చూసి ఉండరు. కొంగ ఎగిరినా చిరిగేది కాదు. కొంచెం పైకి లేచి, మళ్లీ మెల్లగా సర్దుకునేది.

ఆ ఉప్పుమళ్ల చుట్టూ ఒక నల్లని బాట ఉండేది. తెల్లటి మళ్ల మధ్య అది కాటుక గీతలా మెరిసేది. ఏడాదికొకసారి దాని మీద కార్ల పందెం జరిగేది. ముప్పై చుట్లు. అప్పట్లో కార్లు సన్నగా, తేలిగ్గా ఉండేవి. మాట్లాడేవి కూడా. అలివేలు కారు పేరు తూనీగ. జమీల్ కారు పేరు ఉడత.

జమీల్ అలివేలు కన్నా రెండేళ్లు చిన్న. పక్కపక్క మళ్లలో ఉప్పు తీసే ఇళ్లవాళ్లే ఇద్దరూ.

ఆ పందేనికి ఒక మర్యాద ఉండేది. ముందున్న కారును దాటాలంటే వెనకున్నవాళ్లు "దారి" అని కేకేసేవాళ్లు. ముందున్నవాళ్లు ఎడమ చెయ్యి పైకెత్తేవాళ్లు. చెయ్యెత్తారంటే దారి వదిలేశారని కాదు. "విన్నాను, చేతనైతే రా" అని. ఇక చూడండి, మలుపు మలుపుకీ దాటడమే. ముందున్నది వెనక, వెనకున్నది ముందు. గట్టు మీద కూర్చున్న పిల్లలు ఎవరు ఎన్నిసార్లు దాటారో లెక్కపెట్టలేక పోట్లాడుకునేవాళ్లు.

గెలిచినవాళ్లకు కప్పులు, దండలు ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. అందరూ ఉప్పుకుప్ప ఎక్కి, గెలిచినవాళ్ల పేరు సముద్రానికి ఒక్కసారి గట్టిగా చెప్పేవాళ్లు. అంతే. సముద్రం ఆ పేరు పట్టుకునేది. మళ్లీ పందెం వచ్చేదాకా ప్రతి అల ఒడ్డుకొచ్చి ఆ పేరే పలికేది.

ఏడేళ్లుగా అలివేలు పేరు సముద్రం పలకలేదు.

అలాగని ఆమెకు చేతకాక కాదు. ఏడేళ్లూ చివరి చుట్టులో ఆమే ముందుంది. కానీ కొంగల మలుపు దగ్గర, కొంగలు ఒంటికాలి మీద నిలబడే ఆ వంపులో, తూనీగ తోక తేలిపోయేది. అలివేలు వేగం తగ్గించేది. అంతే, వెనకనుంచి కేక వినబడేది.

"దారి, అక్కా."

ఏడో ఏడాది కూడా అదే జరిగింది. ఉడత తుర్రుమని పక్కనుంచి దూరిపోయింది. ఆ ఏడాది పొడవునా అలలు "జమీల్... జమీల్..." అంటూనే ఉన్నాయి. అలివేలు అన్నం తింటున్నా అదే పేరు, ఉప్పు పోగు చేస్తున్నా అదే పేరు.

"సముద్రానికి నా పేరు నోరు తిరగదేమో," అంది ఒకరోజు.

"తిరగకేం," అంది తూనీగ. "నువ్వు మలుపులో నన్ను నమ్మవు, అందుకు."

"నమ్మితే ఎగిరి మళ్లో పడతావు."

"అదీ నిజమే," అని ఒప్పుకుంది తూనీగ.

ఒక మధ్యాహ్నం అలివేలు ఎండుచేపలు చెరిగి, చేట పక్కన పెట్టింది. గాలమ్మ అటుగా వచ్చింది. వెల్లకిలా ఉన్న చేట గాల్లోకి లేచి, నాలుగు బారలు ఎగిరి పడింది. అలివేలు దాన్ని తెచ్చి బోర్లించింది. ఈసారి గాలమ్మ వచ్చినా చేట లేవలేదు. ఇసుకలోకి ఇంకా దిగింది.

అలివేలు ఆ చేటను చాలాసేపు చూసింది. వెల్లకిలా పెట్టింది. బోర్లించింది. మళ్లీ వెల్లకిలా పెట్టింది.

సాయంత్రానికల్లా తూనీగ ముక్కు మీద ఒక చేట, తోక మీద ఒక చేట, రెండూ బోర్లించి తాళ్లతో బిగించి ఉన్నాయి.

"పెళ్లికూతురిలా ఉన్నానా?" అంది తూనీగ.

"చేపల బజారులా ఉన్నావు. ఊరుకో," అని అలివేలు సముద్రం వైపు తిరిగింది. "గాలమ్మా, ఒక పని చేసిపెడతావా? మలుపు రాగానే ఈ చేటల మీద చెయ్యివేసి నా కారును నేలకేసి నొక్కు."

గాలమ్మ మగ్గం ఆపింది. "నొక్కుతాను పిల్లా, నాకేం కష్టం? కానీ నీ చేటలు నా బట్టను పట్టి లాగుతాయి. నువ్వు పోయిన దారంతా అది పీలికలవుతుంది. మళ్లీ అతకాలంటే నాకు కాస్త వ్యవధి కావాలి."

"ఎంత?"

"నువ్వు ఇరవై ముప్పై బారలు ముందుకు పోయేంత. ఈలోగా నీ వెనక ఆనుకుని వచ్చేవాడికి పీలికలే దక్కుతాయి. మలుపులో వాణ్ని పట్టుకోవడానికి నా చేతిలో ఏమీ ఉండదు."

అలివేలు కళ్లు మెరిశాయి. "ఉండకపోతే మరీ మంచిది."

"ఇంకో మాట. నేను ఒకరికి ఒప్పుకున్నది అందరికీ చేస్తాను. నా దగ్గర తన మన భేదం లేదు."

"సరే సరే," అంది అలివేలు. ఆ మాట ఆమె చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు.

పందెం రోజు అందరూ చేటలను చూసి నవ్వారు. "అక్కా, పందెంలో బియ్యం కూడా చెరుగుతావా?" అన్నాడు జమీల్.

చివరి చుట్టు వచ్చింది. ముందు తూనీగ, దాన్ని ఆనుకుని ఉడత. కొంగల మలుపు వచ్చింది. గాలమ్మ రెండు చేతులూ చేటల మీద వేసి నొక్కింది. తూనీగ తోక కదల్లేదు. పట్టాల మీద రైలు తిరిగినట్టు తిరిగింది.

"దారి, అక్కా," అని వెనకనుంచి కేక. ఆ వెంటనే ఉడత గొంతు. "జమీలూ, నా ముక్కు తేలిపోతోంది. నేల అందట్లేదు." ముందు చక్రాలు జారాయి. జారి జారి వేడెక్కాయి. వేడెక్కి ఇంకా జారాయి. జమీల్ వెనకపడిపోయాడు.

అలివేలు చెయ్యెత్తలేదు. ఎత్తాల్సిన పని ఏముంది?

ఆ ఏడాది సముద్రం "అలివేలూ... అలివేలూ..." అంది. అలివేలు పని మానుకుని ఒడ్డున కూర్చుని వింది. తనివి తీరలేదు.

మరుసటి ఏడు పందేనికి వచ్చి చూస్తే, ప్రతి కారుకీ రెండేసి చేటలు. కొందరు చాపంత కట్టారు, కొందరు గుమ్మం తలుపంత కట్టారు. కార్లు వెడల్పెక్కాయి, బరువెక్కాయి. ఎవరు ముందు నిలబడాలో తేల్చడానికి కుండలోంచి గవ్వలు తీశారు. ఎర్ర గవ్వ జమీల్‌కు వచ్చింది. రెండోది అలివేలుకు.

"ఫరవాలేదు," అంది అలివేలు. "మనం వాడికన్నా వేగం. మొదటి మలుపులోనే దాటేద్దాం."

మొదటి మలుపులో ఉడత వెనక చేరగానే తూనీగ వణికింది. గాలమ్మ చెయ్యి దాని ముక్కు మీద లేదు. ఆ చోట ఏవో పీలికలు సుడి తిరుగుతున్నాయి, అంతే. అలివేలు స్టీరింగు తిప్పితే చక్రాలు తిరిగాయి గానీ కారు తిరగలేదు. ఆమె వెనక్కి తగ్గింది. వెనక్కి తగ్గగానే గాలమ్మ చెయ్యి మళ్లీ అందింది, కారు కుదురుకుంది. ముందుకెళ్లింది. మళ్లీ వణికింది.

ముప్పై చుట్లూ అలాగే గడిచాయి. జమీల్ తనకన్నా నెమ్మదని కళ్లెదుట కనబడుతోంది. అయినా దాటలేదు. ఆమె వెనకవాళ్లు ఆమెను దాటలేదు. వాళ్ల వెనకవాళ్లు వాళ్లను దాటలేదు. కార్లన్నీ చీమల బారులా ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. గట్టు మీది పిల్లలు లెక్కపెట్టడానికి ఏమీ లేక ఇసుకలో గూళ్లు కట్టుకున్నారు. సముద్రం ఆవులించింది.

అందరూ ఉప్పుకుప్ప ఎక్కి జమీల్ పేరు గట్టిగా చెప్పారు. సముద్రం నిద్రపోతోంది. మళ్లీ చెప్పారు. లేవలేదు. ఆ ఏడాది అలలు ఒడ్డుకొచ్చి ఊరికే వెళ్లిపోయాయి. ఏ పేరూ పలకలేదు.

జమీల్ రోజూ వచ్చి ఒడ్డున చెవి పెట్టి వినేవాడు. "నేను గెలిచాను కదక్కా?" అనేవాడు. ఎంతో చిన్న గొంతుతో అనేవాడు. అలివేలుకు ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది. ఇక ముందు ఎవరు గెలిచినా సముద్రం పేరు పలకకపోతే? తన పేరే ఆఖరిది అయిపోతే?

ఆమె గాలమ్మ దగ్గరికి పరిగెత్తింది. "బట్ట మళ్లీ మునుపటిలా అతికించెయ్యి గాలమ్మా."

"చేటలు విప్పితే అదే అతుక్కుంటుంది."

"నావి విప్పేస్తాను."

"నీవి మాత్రమే విప్పితే నువ్వు వెనకపడతావు, బట్ట చిరుగుతూనే ఉంటుంది. అందరివీ విప్పాలి."

అలివేలు ఇంటింటికీ తిరిగింది. ముందు జమీల్ దగ్గరికే వెళ్లింది.

"జమీలూ, చేటలు విప్పేద్దాం రా."

"విప్పుతా అక్కా. నువ్వు ముందు విప్పు."

"విప్పాక నువ్వు విప్పకపోతే?"

"చూశావా, నీకే నమ్మకం లేదు," అన్నాడు జమీల్. "నాకు మాత్రం ఎక్కడిది?"

పక్కింటికి వెళ్లింది. వాళ్లూ అదే అన్నారు. ఆ పక్కింటివాళ్లూ అదే. అందరికీ విప్పాలనే ఉంది. రెండోగా విప్పడానికి అందరూ సిద్ధమే. మొదట విప్పడానికి మాత్రం ఒక్కరూ లేరు.

తిరిగొచ్చి అలివేలు తూనీగ ముందు కూర్చుంది. ముడి మీద వేలు పెట్టింది. ఏడేళ్ల "దారి అక్కా"లన్నీ గుర్తొచ్చాయి. వేలు తీసేసింది.

"నువ్వు కూడానా?" అంది తూనీగ.



గాలమ్మకు జాలేసింది. "పిల్లా, ఇచ్చిన మాట నేను వెనక్కి తీసుకోలేను. ఒక్కటి మాత్రం చేయగలను. బట్ట చిరిగినచోట ఒక ఖాళీ ఉంటుంది. మలుపులో అది మీకు శత్రువే. కానీ తిన్నటి బాటలో ఆ ఖాళీలో దూరితే ముందునుంచి నిన్ను ఆపేవాళ్లు ఉండరు. దూదిపింజలా పోతావు. దాటితే అక్కడే దాటాలి. మలుపు వచ్చేలోగా దాటాలి."

మరుసటి ఏటి పందెంలో అలివేలు ఇరవైతొమ్మిది చుట్లు జమీల్ వెనకే ఓపిక పట్టింది. మలుపుల్లో దూరంగా జరిగి చక్రాలు చల్లబరుచుకుంది. ముప్పైయో చుట్టులో, తిన్నటి బాట మీద, ఆ ఖాళీలోకి దూరింది. తూనీగ ఒక్కసారిగా తేలికైంది. ఉడత తోక దగ్గరికొచ్చింది, దగ్గరికొచ్చింది. అలివేలు పక్కకు లాగింది. రెండు కార్లూ పక్కపక్కన. గట్టు మీది పిల్లలు గూళ్లు వదిలేసి లేచారు. సముద్రం ఒక కన్ను తెరిచింది.

మలుపు వచ్చేసింది. ఉడత లోపలి వైపు ఉంది. అర చక్రం తేడాతో జమీల్ గెలిచాడు.

ఆ రోజు సముద్రం "జమీల్" అంది. జమీల్ ఒడ్డున మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. అలివేలు కూడా పక్కనే కూర్చుంది. ఓడినందుకు ఆమెకు బాధ ఉంది. బట్ట చింపింది ఎవరో ఉప్పుమళ్లలో అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనడానికి, చేటలు విప్పినవాళ్లంటూ ఉండాలి కదా.

అప్పటినుంచే పెద్ద పందేల్లో ముందు కారును దాటడం అంత కష్టమైపోయింది. అప్పటినుంచే ముందు పోయే కారు నున్నటి గాలిని తాను వాడుకుని, చిరిగిన గాలిని వెనక వదిలిపోతోంది. మలుపులో దగ్గరికొచ్చినవాళ్లకు నేల అందదు, చక్రాలు కాలిపోతాయి. తిన్నటి బాట మీద మాత్రం ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది. అదీ క్షణకాలమే.

కాబట్టి మీరు ఒక పని చెయ్యండి. ఈసారి పందెం చూసేటప్పుడు ముందున్న కారును కాసేపు వదిలేసి రెండో కారును చూడండి. మలుపులో అది ఎలా వణుకుతుందో చూడండి. పక్కన ఎవరైనా "వీడికి దమ్ము లేదు" అంటే ఊరుకోకండి, లేచి నిలబడి గాలి సంగతి చెప్పండి. తర్వాత మీ ఆటలోకి వెళ్లండి. వెనకవాళ్లకు నేల అందకుండా చేసే తాడు ఏదైనా మీ చేతిలో ఉంటే, ముందు ఎవరు విప్పాలి అని అడగకండి. విప్పండి.