మూలేశ్వరస్వామి మొగలి కోట

శ్రీకాకుళం తీరాన ఇసుకతిన్నెలు దాటి మొగలివలస చేరిన యాత్రికులకు ముందుగా గుడి కనబడదు. రెండు నిలువుల ఎత్తున, ఏటిమొగ నుండి దక్షిణపు దిబ్బ దాకా సాగిన మొగలి పొద కనబడుతుంది. దానికి అవతల సముద్రం, ఇసుక. ఇవతల కొబ్బరితోటలు, నువ్వుచేలు, వాటి నడుమ పల్లంలో శ్రీ మూలేశ్వరస్వామి ఆలయం. ఇసుక అంతా ఆ పచ్చని గోడ వరకు వచ్చి ఆగిపోతుంది.

తొలిసారి వచ్చినవారంతా అడిగే ప్రశ్న ఒకటే. బ్రహ్మదేవుని పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పి శివుని శాపానికి గురైన పువ్వు మొగలి. అటువంటి మొక్క శివాలయానికి కోటగోడ ఎట్లా అయింది?

పూర్వం ఇక్కడ నలభై గడపల ఊరు ఉండేది. సగం మంది సముద్రంలో చేపల వేట చేసేవారు, సగం మంది సాగు చేసేవారు. వేసవి వచ్చిందంటే సముద్రపు గాలికి ఇసుక లేచి ఊరి మీద పడేది. చేలు పూడేవి, నూతులు పూడేవి. ఆలయ అర్చకులు సోమనాథ దీక్షితులు ప్రతి ఉదయం గర్భగుడిలోని ఇసుకను రెండు చేతులతో ఎత్తిపోసి, లింగం బయటపడ్డాకనే అభిషేకం చేసేవారు. ఒక ఏడు ఇసుక గుడి ద్వారబంధం సగం దాకా లేచింది. మూడు కుటుంబాలు మూటలు కట్టుకుని ఊరు విడిచిపోయాయి.

ఆ ఊళ్ళో దాలమ్మ అనే ఆమె మొగలాకుతో చాపలు అల్లి బతికేది. ఆకుకోసమని పెరటి చివర మొగలి నాటుకుంది. ఊరంతా ఇసుక కమ్మినా తన పెరట్లోకి రాకపోవడం ఆమె గమనించింది. వెంటనే ఆరు పిలకలు తెచ్చి గుడి వెనుక, సముద్రం వైపు నాటింది. మరునాడు దీక్షితులు వాటిని చూసి, స్వామి శపించిన మొక్క స్వామి గాలి సోకేచోట ఉండరాదని తన చేతులతోనే పెరికివేశారు. దాలమ్మ ఆ పిలకలను ఏరుకుని ఇంటికి తీసుకుపోయి, తడిగోనెలో చుట్టి ఉంచింది.

వైశాఖమాసంలో ఒకనాడు ద్వారం పూర్తిగా పూడిపోయింది. దీక్షితులు మధ్యాహ్నం వరకు ఒంటరిగా తవ్వి, చేతకాక మండపంలో ఒక స్తంభానికి ఒరిగి సొమ్మసిల్లారు. అప్పుడాయనకు స్వప్నంలో ఒక జటాధారి కనిపించాడు. అతని రెప్పల మీద, పెదవుల మీద కూడా ఇసుక ఉంది.

"నేను వద్దన్నది పువ్వును. వేరును కాదు," అన్నాడు ఆ జటాధారి.

దీక్షితులు మేలుకొని, నేరుగా దాలమ్మ పెరట్లోకి వెళ్ళారు. ఆ వాకిట ఆయన అడుగు పెట్టడం అదే మొదలు. తనకు వచ్చిన కల చెప్పి, పిలకలు పెరికి తప్పు చేశానని ఒప్పుకొని, మళ్ళీ నాటమని ఆమెను అడిగారు.

దాలమ్మ అల్లుతున్న చాప పక్కన పెట్టి లేచి నిలబడింది. "నాటతాను బాబూ. గానీ నానొక్కదాన్నే నాటితే గుడొక్కటే మిగుల్తాది. ఊరు మిగలాలంటే ఊరంతా రావాల," అంది.

దీక్షితులు గడప గడపకూ వెళ్ళి పిలిచారు. ఆరుద్ర కార్తెలో తొలివాన పడిన సోమవారం నాడు ప్రతి ఇంటి నుండి ఒకరు వచ్చారు. ఏటిగట్టున అడవిగా పెరిగిన మొగలి కొట్టి కావళ్ళతో మోశారు. వేటవాళ్ళు వలతాళ్ళు లాగి వరుసలు తీస్తే, రైతులు గుంటలు తవ్వారు. తడిగోనెలోని ఆరు పిలకలతో దాలమ్మ తొలి వరుస మొదలుపెట్టింది. సాయంకాలానికి ఊరికీ సముద్రానికీ నడుమ మూడు వరుసలు పూర్తయ్యాయి. ముళ్ళు గీరుకుని అందరి చేతులూ నెత్తురోడాయి. ఊరివాళ్ళు గుడి ద్వారం పూడిక తీశాక, దీక్షితులు ఆ గాట్ల చేతులతోనే స్వామికి అభిషేకం చేశారు.

ఆశ్వయుజంలో పెనుతుఫాను వచ్చింది. మొక్కలు అప్పటికి మూరెడు కూడా ఎదగలేదు. గాలి తగ్గాక జనం వెళ్ళి చూస్తే మూడు వరుసల జాడా లేదు, ఇసుకే ఉంది. కొందరు అక్కడే కూలబడి ఏడ్చారు. దాలమ్మ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఇసుక తవ్వి, లోపల మొక్క మొవ్వు బిగువుగా ఉందని చూపించి, ఎవరూ తొక్కవద్దని చెప్పింది.

ఎనిమిదవ నాటి ఉదయం ఆ ఇసుకమేట పొడవునా పచ్చని మొనలు లేచాయి. మొక్కలను పూడ్చిన ఇసుకే వాటి కాళ్ళ కింద గట్టుగా నిలిచింది. గుడి వైపు చూస్తే గడప మీద ఇసుక లేదు. దీక్షితులు తలుపు తెరిచి లోపలికి వెళ్ళి, ఎంతకీ బయటికి రాలేదు. జనం తొంగిచూశారు. దారమంత సన్నని మొగలి వేరు ఒకటి రాతి పలకల సందున పైకి వచ్చి, పానవట్టాన్ని ఒక చుట్టు చుట్టుకుని ఉంది. ఆ చుట్టుపక్కల నూరు బారల లోపల ఎవరూ మొగలి నాటలేదు. దీక్షితులు దాని ముందు సాష్టాంగపడి ఉన్నారు. ఆనాటి నుండి స్వామికి మూలేశ్వరుడని, జనం నోట వేరయ్య అని పేరు వచ్చింది. బొటనవేలంత లావైన ఆ వేరును భక్తులు నేటికీ హారతి వెలుగులో దర్శించవచ్చు.

మొగలిపువ్వును ఇప్పటికీ ధ్వజస్తంభం దాటనివ్వరు. మొక్కకు మాత్రం ఏటా ఆరుద్ర కార్తె తొలి సోమవారం పండుగ జరుగుతుంది. మూలేశ్వర వనసేవా సంఘం వారు పిలకలు సిద్ధం చేస్తారు. ఆ సంఘంలో బడిపంతుళ్ళు, ఆటో తోలేవారు, వేటకు వెళ్ళేవారు, బీడీలు చుట్టే ఆడవారు ఉన్నారు. ఎవరికీ జీతం లేదు. తొలి పిలకను దాలమ్మ వంశీకులు నాటాక, భక్తులు తలా ఒకటి నాటుతారు. ముల్లు గీరిన చోట అర్చకులు విభూతి అద్దుతారు. ఆ గీతను స్వామి కట్టిన రక్షగా భావిస్తారు. అది మానేలోగా కష్టంలో ఉన్న ఇల్లు నిలదొక్కుకుంటుందని, వలసపోయినవారు తిరిగివస్తారని నమ్మకం.

మరుసటి ఏడు వచ్చినవారు తాము నాటిన మొక్క ఏదో చూసుకోవాలని వెతుకుతారు. ఆ అల్లికలో ఏ వేరు ఎవరిదో తెలియదు. ఇక వెతకడం మాని, ఆ కోటంతటికీ కలిపి ఒక్క నమస్కారం పెట్టి గుడిలోకి వెళతారు.