ఇనప గేటు తోట

అడిగినదానికి కూర్చున్నచోటి నుంచే జవాబు చెప్పడం పరశయ్యకు అలవాటు లేదు. నలభై ఏళ్లుగా నూజివీడు చుట్టుపక్కల మామిడితోటలకు పూత మీద అంచనా కట్టే మనిషి ఆయన. పూత చూసి, అందులో ఎంత పిందెగా నిలుస్తుందో, ఎన్ని టన్నుల కాయ దిగుతుందో చెప్పేవాడు. ఆ మాట మీదే వ్యాపారులు తోటలు గుత్తకు పట్టేవారు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడు ఏదడిగినా తువ్వాలు భుజాన వేసుకుని లేచి "పద" అనేవాడు. చెట్టు దగ్గరకు తీసుకుపోయి నిలబెట్టేవాడు. అర్థమైతే అయినట్టు, కాకపోతే మర్నాడు రానక్కర్లేదు.

అలా మూడు కాపులు ఆయన వెనక తిరిగినవాడు కిరీటి. తెలివైనవాడే. ఆ తెలివితోనే ఒకరోజు చెప్పాపెట్టకుండా బస్సెక్కి, పట్నంలో మేథమెటికల్ ఫైనాన్స్ ఎమ్మెస్సీలో చేరాడు. ఆ కబురు మేనమామ చేత పంపించాడు. రెండేళ్లు పరశయ్య వాడి పేరు ఎత్తలేదు.

ఈ మాఘమాసంలో వాడు వచ్చి అరుగు కింద నిలబడితే కూర్చోమనలేదు.

"ఎవరబ్బాయివి?" అన్నాడు, బాగా తెలిసే.

"నేనే తాతా, కిరీటిని."

"ఓహో. మాట మోసుకుని మేనమామ రాలేదా?"

కిరీటి తల వంచుకున్నాడు. సంచిలోంచి కాగితాలు తీశాడు.

పరశయ్యకు సంతకం తప్ప చదువు రాదు. ఆయన పుస్తకంలో అక్షరాలుండవు. తోటకొక పేజీ, పేజీ పైన గుర్తుకొక బొమ్మ: బావి, పాక, తాడిచెట్టు. దాని కింద ఏడాదికొక గుర్తు. కాపు నిలిస్తే సున్నా, సగం నిలిస్తే అర సున్నా, పోతే ఇంటూ. ఊరొదిలేముందు కిరీటి ఆ పేజీలన్నీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాడట. పూత మీద తోట కొంటే నష్టభయం ఎంతో వాటితోనే లెక్కకట్టి, తోటలన్నిటినీ వరసలో పెట్టి పట్టీ వేసి, చదువు చివర ఇవ్వాల్సిన ప్రాజెక్టు రాశాడట.

"అడక్కుండానే?" అన్నాడు పరశయ్య. కోపంగానే అన్నాడు గానీ, తన సున్నాలూ ఇంటూలూ యూనివర్సిటీ దాకా పోయాయంటే లోపల ఛాతీ కొంచెం పొంగింది.

"తప్పే తాతా. దానికి శిక్ష కూడా పడింది. తొంభై తోటల్లో ఒక్క తోటకే పదేళ్లూ వరసగా ఇంటూలున్నాయి. అలాంటి తోటని నరక్కుండా ఎందుకుంచుకున్నారయ్యా అని మా ప్రొఫెసర్ అడిగారు. తెలీదన్నాను. క్లాసంతా నవ్వింది. సోమవారం మళ్లీ నిలబడి జవాబు చెప్పాలి. ఆ తోటకి పట్టిన తెగులేంటి తాతా?"

"ఏ తోట?"

"పేజీ మీద ఇనప గేటు బొమ్మ ఉంది."

పొంగిన ఛాతీ అక్కడే దిగిపోయింది.

అది గవరమ్మ తోట. పన్నెండేళ్ల కిందట ఆ గేటు దగ్గర పదిమంది వ్యాపారుల ముందు ఆయన అంచనా చెప్తే, ఆవిడ "నోటిమాట ఎవరిక్కావాలి పరశయ్యా, కాగితం మీద రాసియ్యి" అంది. ఆయనకు రాయడం రాదని ఆవిడకు తెలుసో తెలియదో ఇప్పటికీ ఆయన తేల్చుకోలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆయన చెవిలోంచి పోలేదు. మళ్లీ ఆ గేటు తొక్కలేదు. ఏటా ఆ పేజీలో, చెట్టు మొహం చూడకుండానే, ఒక ఇంటూ పెట్టాడు. వ్యాపారులు అడిగితే "పూస్తది గానీ నిలవదు" అని పెదవి విరిచేవాడు. నలభై ఏళ్లలో ఆయన మాట తప్పిందని ఎవరూ అనలేదు కాబట్టి, ఆ తోటకు సరైన ధర ఎవరూ కట్టలేదు. సగం ధరకు పట్టినవాళ్లు, కాయ బాగా దిగినా ఆ లాభం సంగతి పైకి చెప్పేవాళ్లు కాదు.

పరశయ్య తువ్వాలు వేసుకున్నాడు. చెయ్యి భుజం దాకా పోవడానికి చాలాసేపు పట్టింది.

"పద."

గేటు తుప్పు పట్టింది. లోపల రసాల చెట్లు ఆకు కనపడకుండా పూసి ఉన్నాయి. కిరీటి రెమ్మ వంచి చూశాడు. ఆకు వెనక్కి తిప్పాడు. తేనెమంచు పురుగు లేదు, జిగురు లేదు. అప్పుడే కట్టిన పిందె బఠాణీ గింజంత ఉంది. వాడు తాత మొహంలోకి చూశాడు. తాత నేల చూస్తున్నాడు.

చెట్ల మధ్య కట్టెల వ్యాపారి ఒకడు మొదళ్ల చుట్టూ టేపు వేసి కొలుస్తున్నాడు. అతని పక్కనున్న గవరమ్మ వీళ్లను చూసి దగ్గరకొచ్చింది.

"నువ్వేనా బాబూ, కంప్యూటర్లో లెక్కలేసింది? ఇన్నాళ్లూ సగానికైనా అడిగేవాళ్లు. ఈ ఏడు మార్కెట్లో మీ పట్టీ చూపించి, చదువుకున్నోళ్లే మా తోటని అట్టడుగున పెట్టారని ఆ సగానికీ రాలేదు. అందుకే కొట్టించేస్తున్నా."

కిరీటి మొహం కందగడ్డలా అయింది. సంక్రాంతి సెలవుల్లో ఆ పట్టీని మార్కెట్లో వ్యాపారులకు గొప్పగా చూపించుకున్నది వాడే.

"కాగితం ఒకటి ఇప్పించమ్మా," అన్నాడు పరశయ్య.

కిరీటి తన ప్రాజెక్టులోంచే ఒక కాగితం తీసి, వెనక్కి తిప్పి ఇచ్చాడు. పరశయ్య దాన్ని గేటు స్తంభానికి ఆనించి ఒక సున్నా చుట్టాడు. దాని కింద టన్నుకొక గీత చొప్పున పద్నాలుగు గీతలు గీశాడు. ఆ కింద సంతకం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ రాశాడు. టేపు పట్టుకుని వచ్చిన కట్టెల వ్యాపారితో కలిపి ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

గవరమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పన్నెండేళ్లు పట్టిందా పరశయ్యా, ఈ మాత్రం రాయడానికి?"

ఆవిడ కూర్చోమనలేదు, మంచినీళ్లూ ఇవ్వలేదు. కట్టెల వ్యాపారి వైపు తిరిగి, "ఆదివారం దాకా ఆగవయ్యా, ఎవరన్నా వస్తారేమో చూస్తా" అని మాత్రం అంది.

తిరిగొచ్చే దారిలో కిరీటి మెల్లిగా అన్నాడు.

"ఆ పది ఇంటూలూ చెరిపేస్తాను తాతా. పొరపాటున పడ్డాయని చెప్తాను. మీ పేరు రాదు."

పరశయ్య ఆగాడు.

"చెరపమాక. పక్కన నా పేరు రాయి," అన్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి చూడకుండానే మళ్లీ అన్నాడు. "ఇంటిపేరుతో సహా."