దాలమ్మ ఎక్కని బల్ల

"గురువుగారూ, రోగిని పడుకోబెట్టి చూడ్డానికి ఎలాంటి బల్ల కొనమంటారు?" అని అడిగాడు ఇందుశేఖర్. డాక్టర్ నీలాద్రిగారు అప్పుడు చేతులు కడుక్కుంటున్నారు. కడుక్కోవడం పూర్తయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకపోవడం ఆయన అలవాటు. తుడుచుకుని, తువ్వాలు తీగమీద ఆరేసి, "ఒకటి తెప్పించి వాడి చూడవోయ్. మధ్యలో నా మాటెందుకు?" అన్నారు. అది జవాబని ఎవరనుకుంటారు? ఆయన జవాబులు ఎప్పుడూ అంతే. అడిగిన రోజున రావు, వచ్చిన రోజున జవాబుల్లా కనబడవు.

సాలూరులో నీలాద్రిగారి ఉచిత వైద్యశాల గురించి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఇందుశేఖర్ చదువు పూర్తిచేసి ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. బుద్ధిమంతుడు, పొడగరి, కాస్త తొందర మనిషి. త్వరలో పార్వతీపురంలో సొంత క్లినిక్ తెరవబోతున్నాడు. నేనూ ఆయన శిష్యుణ్ణే, ఇందుశేఖర్ కంటే చాలా పాతవాణ్ణి. అయితే ఆయన వైద్యం నాకు అబ్బినదానికంటే నా అనుమానం నాకు ఎక్కువ అబ్బింది. పాలలో నీళ్ళు కలిశాయేమోనని అందరూ చూస్తారు, నువ్వు నీళ్ళలో పాలు కలిశాయేమోనని కూడా చూస్తావు అంటుంది మా ఆవిడ. అననీండి. నేను చెప్పే ఈ సంగతిలో అనుమానపడనివాడు ఒక్కడూ లేడు. అనుమానం ఎవరిమీద పడాలో వాళ్ళమీద పడకపోవడమే ఇందులో కథ.

విశాఖపట్నం నుంచి ధనుంజయ అనే కంపెనీ మనిషి వ్యానులో ఒక బల్ల తెచ్చి దింపాడు. ఇనుప చట్రం, ఆకాశం రంగు రెక్సిను, తలవైపు పైకి లేచే పలక, పక్కన సొరుగులు. కిందనుంచి లాగితే బయటికి వచ్చే మెట్టు ఒకటి. రోగి దానిమీద కాలుపెట్టి పైకెక్కాలి. మెట్టు లేకుండా ఎక్కాలంటే కుర్రాళ్ళు ఒక్క గెంతు గెంతాల్సిందే, అంత ఎత్తు. "డాక్టరుగారు నడుం వంచక్కర్లేదండీ, అదీ దీని గొప్ప. కొన్నాళ్ళు ఉంచుకోండి, నచ్చితేనే కొనండి" అన్నాడు ధనుంజయ. ఊరికే ఇచ్చేవాణ్ణి ఊరంతా నమ్మినా నేను నమ్మను. వాడు వెళ్ళగానే టార్చిలైటు పట్టుకుని బల్లకింద దూరి ప్రతి బోల్టూ తిప్పి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. నాకు అనుమానం ఇంకా పెరిగింది.

గురువుగారి గదిలో ఉన్నది పాత పనసచెక్క బల్ల. మోకాలెత్తు కూడా ఉండదు. దానిమీద రోగి కూలబడి పక్కకి ఒరిగితే చాలు, పడుకున్నట్టే. ఆయన మాత్రం పీట వేసుకుని, వీపు విల్లులా వంచి చూస్తారు. ఇందుశేఖర్ గదిలో కొత్త బల్ల వేశారు. ఆ రోజు శుక్రవారం. నర్సు సుగుణ, "కొత్త సామాను, ఉత్తచేతుల్తో ముట్టుకుంటారేటండీ?" అని అందర్నీ ఆపేసింది. బల్ల నాలుగు కాళ్ళకీ పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టింది. మెట్టుకైతే మన ఇళ్ళలో గడపకి పూసినట్టు అంచునుంచి అంచుదాకా పసుపు పూసి, వరసగా బొట్లు పెట్టి, మీద రెండు బంతిపూలు ఉంచింది. కర్పూరం వెలిగించింది. ఇందుశేఖర్ ముచ్చటపడి కొబ్బరికాయ కొట్టాడు. నాకో కొబ్బరి ముక్క వచ్చింది, తిన్నాను. కుట్టుమిషను కొన్నా, ట్రాక్టరు కొన్నా మనవాళ్ళు చేసే పనే కదా, ఇందులో వింతేముంది? ఆ తర్వాత సుగుణ రోజూ గది తుడిచాక మెట్టుకి మళ్ళీ బొట్టు దిద్దేది.

మర్నాటినుంచి విడ్డూరం మొదలైంది. గురువుగారి గదిలోకి వెళ్ళినవాళ్ళకి జబ్బులు ఉండేవి. పక్క గదిలో ఇందుశేఖర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళకి ఉండేవి కావు. మగవాళ్ళు కొందరు పక్కనుంచి గెంతి ఎక్కేవాళ్ళు. ఆడవాళ్ళు, అందులోనూ పెద్దవాళ్ళు, కుర్చీలో కూర్చున్నంతసేపూ అమ్మో అయ్యో అని మూలిగి, "ఏదీ, బల్ల ఎక్కి పడుకో అమ్మా" అనగానే ఒక్కసారి బల్లవంక చూసి, "ఇప్పుడు పర్లేదు బాబూ, తగ్గినట్టే ఉంది" అని లేచిపోయేవాళ్ళు. ఒకావిడైతే బల్లని చేత్తో తాకి కళ్ళకి అద్దుకుని మరీ వెళ్ళింది. అది చూసి మేమిద్దరం నవ్వుకున్నాం కూడా.

ఇందుశేఖర్‌కి కోపం వచ్చింది. "వీళ్ళకి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. బలం మందుకోసం, సూదిమందుకోసం నాటకాలు. పడుకోబెట్టి చూస్తే బండారం బయటపడుతుందని పారిపోతున్నారు" అన్నాడు. నేను అంతటితో ఆగానా? బయట మందుల కొట్టువాడు వీళ్ళని పంపిస్తున్నాడేమోనన్నాను. ధనుంజయ పోటీ కంపెనీవాళ్ళు ఊళ్ళో ఏదో పుకారు పుట్టించారేమోనన్నాను. చివరికి సుగుణమీద కూడా ఒక కన్నేసి ఉంచాను. ఎందుకో నాకే తెలియదు. ఇందుశేఖర్ మాత్రం ఒకరోజు గురువుగారి దగ్గరికి వెళ్ళి, "బల్ల సంగతి అటుంచండి. రోగి అబద్ధమాడుతున్నాడని కనిపెట్టడం ఎలాగో ముందు అది చెప్పండి" అని అడిగాడు. నీలాద్రిగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి గుమ్మంలో రోగి ఉంది. జవాబు అక్కడితో సరి.

సంతరోజున దాలమ్మ వచ్చింది. మెంటాడవైపు ఏదో చిన్న ఊరు, ఎండిన చింతకాయలా ఉంటుంది మనిషి. ఒక్కతే వచ్చింది. ఇందుశేఖర్ గదిలో కుర్చీ అంచున కూర్చుని, "నిన్న మాపటేల నుండి కడుపులో ఒకటే నొప్పి బాబూ. నీల్లు తాగినా కక్కేత్తన్నాను" అంది. ఇందుశేఖర్ రెండు మాటలడిగి బల్ల చూపించాడు. దాలమ్మ లేచి బల్లదాకా వెళ్ళింది. మెట్టువంక చూసింది. బల్ల అంచు పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, నవ్వుమొహం పెట్టి, "తగ్గిపోనాది బాబూ. నానెల్తాను" అంది. "చూశావా?" అన్నట్టు ఇందుశేఖర్ నావంక చూశాడు. నేను తలూపాను. నాతల కాల్చ, తలూపాను! "సరే అమ్మా, వెళ్ళిరా" అని ఇందుశేఖర్ తర్వాతి మనిషిని పిలిచాడు.

నీలాద్రిగారు అప్పుడు వరండాలో తువ్వాలు ఆరేస్తున్నారు. దాలమ్మ వరండా మెట్లు దిగుతోంది. ఒక కాలు దించి, రెండోదాన్ని దాని పక్కకి చేర్చి, మళ్ళీ ఒక కాలు. కుడిచెయ్యి గజ్జల దగ్గర చీరమీద అదిమిపెట్టుకుంది. తగ్గిపోయినవాళ్ళ నడక కాదది. కిందికి దిగాక గోడ పట్టుకుని వంగి కక్కుకుంది. పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ పడలేదు. నీలాద్రిగారు తువ్వాలు అక్కడే వదిలేసి, ఆ వయసులో, చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగారు. "ఎక్కడికమ్మా?" అన్నారు. "ఇంటికి బాబూ. తగ్గిపోనాది" అంది దాలమ్మ. ఆమె మొహం మీద చెమట ధారగా కారుతోంది.

ఆయన వాదించలేదు. సుగుణని కేకేసి చాప తెమ్మన్నారు. లోపలిగది నేలమీద చాప పరిపించి, తలుపు చేరవేయించి, దాలమ్మని పడుకోమన్నారు. ఆమె మారుమాట లేకుండా పడుకుంది. గురువుగారు పక్కనే నేలమీద చతికిలబడ్డారు. సుగుణ చీర సర్దితే, గజ్జలో కోడిగుడ్డంత గడ్డ, ఎర్రగా, ముట్టుకుంటే ప్రాణం పోయేటట్టు ఉంది. పేగు జారి అక్కడ ఇరుక్కుపోయింది. ఆలస్యమైతే పేగు కుళ్ళుతుంది, మనిషి దక్కదు. ఇందుశేఖర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చదువుకున్నవాడు కాబట్టి ఎవరూ చెప్పకుండానే అతనికి అంతా తెలిసింది. "జీపు తియ్యి. విజయనగరం. నువ్వే దగ్గరుండి తీసుకెళ్ళు" అన్నారు గురువుగారు అతనితో. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేదని అతను తర్వాత నాతో అన్నాడు.

ఆపరేషన్ చేసి పేగు కొంత కోసేశారు. ఆ మొదటి రాత్రి బతుకుతుందని ఎవరూ అనుకోలేదట. ఇందుశేఖర్ వార్డు బయటనే కూర్చుని, తనకి తెలిసిన దేవుళ్ళకీ తెలియని దేవుళ్ళకీ మొక్కుకున్నాడు. దాలమ్మ గట్టిపిండం, బతికింది. సాలూరు తిరిగొచ్చాక అతను గురువుగారి ముందు నిలబడి, "నాతో అబద్ధమెందుకు చెప్పింది గురువుగారూ? నొప్పితో చస్తూ తగ్గిపోయిందని ఎందుకంది?" అన్నాడు. "నన్నడిగితే నాకేం తెలుసు? ఆవిణ్ణే అడుగు" అన్నారాయన. ఆయనకి ముందే తెలుసేమోనని నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే. తెలిసుంటే మాత్రం ఆయన్ని నేను క్షమించను. గురువైతే ఏం?

ఆమెకి కాస్త నోరు పెగిలాక ఇందుశేఖర్ మళ్ళీ విజయనగరం వెళ్ళాడు. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. దాలమ్మ మంచంమీద పడుకుని, అతన్ని చూసి లేవబోయింది. అతను వద్దని ఆపి, పక్కన స్టూలు మీద కూర్చుని అడిగాడు. ఆమె ఆశ్చర్యంగా చూసింది, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

"పసుపు రాసి బొట్టెట్టిన మెట్టు మీద కాలెట్టమంటావేటి బాబూ? మాయింట్లో గడపమీదే కాలెయ్యం. పోయే వయసులో నాకా పాపం దేనికి?"

"మరి ఆ మాటే నాతో అనకూడదా అమ్మా? నేను తుడిపించేవాణ్ణి కదా!"

దాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "కుర్రోడివి. ముచ్చటపడి పూజ సేసి ఎట్టుకున్నావు. తొలీత నానే దానికి వంకెట్టేత్తే నీకు అచ్చొస్తాదా, సెప్పు? సావొత్తే మాయింటికాడ సత్తాను గానీ, నీ కొత్త బల్లకి అపశకునం సేత్తానా?"

ఇందుశేఖర్ ఆ చేతిమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. పక్క మంచాలవాళ్ళు ఏమైందోనని లేచి కూర్చున్నారు. నేను కిటికీవైపు తిరిగి నిలబడ్డాను. ఊరందర్నీ అనుమానించాను కదా నేను, మందుల కొట్టువాణ్ణి, కంపెనీవాణ్ణి, సుగుణని. ఆ ముసలమ్మ మాకు మంచి జరగాలని కోరుకుంటోందేమోనన్న అనుమానం మాత్రం మా ఇద్దరిలో ఒక్కడికీ రాలేదు.

ధనుంజయ వ్యాను మళ్ళీ వచ్చింది. ఇందుశేఖర్ బల్ల తిప్పి పంపేశాడు. కానీ క్లినిక్ తెరవాలంటే ఏదో ఒక బల్ల కావాలి కదా. ఈసారి ధనుంజయ ఇంకో రకం బల్లల బొమ్మలు తెచ్చాడు. పెడలు తొక్కితే నేలకి అడుగెత్తుదాకా దిగి, మళ్ళీ తొక్కితే పైకి లేచేది ఒకటుంది. మెట్టక్కర్లేదు, గెంతక్కర్లేదు. ఇందుశేఖర్ ఆ బొమ్మని ఎంతోసేపు చూసి, దాన్ని తీసుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ఇదైతే ఎవరైనా ఎక్కగలరు గురువుగారూ. ఇది కొనమంటారా?"

నీలాద్రిగారి చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా ఆయన ఆగలేదు.

"కొనుక్కో. దానిమీద పడుకున్నవాళ్ళని ఎటూ చూస్తావు. 'తగ్గిపోయింది' అని లేచి వెళ్ళేవాళ్ళు ఉంటారు చూడు, వాళ్ళు గుమ్మం దాటేలోపు నువ్వు కుర్చీలోంచి లే."