రెండు వీధుల అవతలి మేళం

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ పరాంకుశంగారికి లేదు. ఆయన దగ్గర స్కానింగు నేర్చుకుంటున్న ఇందుమతి ఆ ఉదయం అడిగింది: "ఫ్రీక్వెన్సీ పెంచితే శబ్దపు అల పొట్టిదవుతుంది, బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ లోతుకు పోదు. తగ్గిస్తే లోతుకు పోతుంది, బొమ్మ మసకబారుతుంది. రెండూ ఎందుకు దొరకవు సార్?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తర్వాతి పేషెంటును పిలవమన్నారు.

మధ్యాహ్నం కోటేశ్వరి వచ్చింది. భారీ మనిషి. మూడో నెల. కిందటిసారి ఇదే నెలలో, ఇదే బల్ల మీద పడుకుని, బిడ్డ గుండె ఆగిపోయిందన్న మాట విని వెళ్లింది. అందుకే ఈసారి పొరపాటు జరగకూడదని ఇందుమతి ఫ్రీక్వెన్సీ చివరికంటా పెంచింది. తెర మీద చర్మం, కొవ్వు పొరలు గీత గీసినట్టు కనిపించాయి. వాటి కింద అంతా నలుపు. పరికరాన్ని పొట్ట మీద అటు జరిపింది, ఇటు జరిపింది. నలుపే.

"మాట్టాడవేంటమ్మా?" అంది కోటేశ్వరి. "కిందటిసారి డాక్టరమ్మ కూడా ఇట్టాగే మూగనోము పట్టింది."

ఇందుమతి మొహం ముడుచుకుని పరికరాన్ని ఇంకొంచెం గట్టిగా నొక్కింది. వెనక నిలబడ్డ పరాంకుశంగారు తెర వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగారు. రెండు వీధుల అవతల ఏదో పెళ్లి ఊరేగింపు పోతోంది.

"ఏం వినిపిస్తోందమ్మాయ్?"

ఇదా అడగాల్సిన సమయం, అనుకుంది ఇందుమతి. "డోలు సార్."

"సన్నాయి లేదంటావా?"

"ఎందుకుండదు సార్? ఇంత దూరం ఆ సన్న గొంతు..."

మాట అక్కడే ఆగింది. చేయి బటన్ మీదికి పోయింది. ఫ్రీక్వెన్సీ దించగానే చక్కటి గీతలన్నీ చెదిరి, తెర నిండా ఇసక పోసినట్టయింది. ఆ ఇసక అడుగున బియ్యపు గింజంత వెలుగు ఆరుతూ, వెలుగుతూ ఉంది.

"కొట్టుకుంటోందమ్మా!" అంటూ తెరను ఆమె వైపు తిప్పింది.

కోటేశ్వరి బావురుమంది. అంతలోనే కళ్లు తుడుచుకుని, "ఆ మొహం పెట్టి నన్ను చంపేశావు గదమ్మా!" అని తిట్టింది.

ఆమె వెళ్లాక ఇందుమతి తెర మీద నిలిచిపోయిన బొమ్మను చూసి నొచ్చుకుంది. "బొత్తిగా మసగ్గా వచ్చింది సార్."

"ఆవిడేమైనా వంక పెట్టిందా?" అన్నారు పరాంకుశంగారు.